పేరు చెప్పి పిలిచే పెట్టె

పెద్ద ఓడల్లో బ్రిడ్జి దగ్గర, పైన ఆకాశం తప్ప మరేమీ అడ్డులేని చోట, ఒక ప్లాస్టిక్ డబ్బా బిగించి ఉంటుంది. అందులో ఉండే బీకన్‌ను నావికులు ఈపర్బ్ అంటారు. ఓడ మునిగితే, నాలుగు మీటర్ల లోతుకు చేరేలోపే నీటి ఒత్తిడికి స్ప్రింగు వదులుకుని ఒక చిన్న బ్లేడు డబ్బా బిగింపును కోసేస్తుంది. మూత ఊడుతుంది, బీకన్ పైకి తేలుతుంది, నీళ్లు తగలడంతో దానంతటదే పని మొదలుపెడుతుంది. 406 మెగాహెర్ట్జ్ మీద, 5 వాట్ల శక్తితో, సుమారు 50 సెకన్లకోసారి అర సెకను కబురు పంపుతుంది. కనీసం 48 గంటలు అలా పిలుస్తూనే ఉండాలన్నది నియమం. తేలడం, ఉపగ్రహాన్ని అందుకోవడం చూసి మనం ముచ్చటపడతాం కానీ, నా దృష్టిలో ఈ యంత్రానికి ప్రాణం ఆ అర సెకనులో ఇమిడిన గుర్తింపు సంఖ్య. సముద్రం మీద ఆపదలో ఉన్నవాళ్లకు కేక వేసే సాధనం వందేళ్ల కిందటే దొరికింది. ఆ కేకను విని, నమ్మి, కదిలేవాళ్లు దొరకడానికే ఇంతకాలం పట్టింది.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ వైర్‌లెస్ చక్కగా పనిచేసింది. దానికి, సాయానికి వచ్చిన కార్పేథియా ఓడ కంటే ఎంతో దగ్గరలో ఆగి ఉన్న కాలిఫోర్నియన్ ఓడలో ఉన్నది ఒక్కడే ఆపరేటర్. మంచుకొండ తగలడానికి కాస్త ముందే అతను సెట్టు కట్టేసి పడుకున్నాడు. కార్పేథియా ఆపరేటరు ఇంకా పడుకోకపోవడం వల్లే ఏడు వందలకు పైగా ప్రాణాలు దక్కాయి. ఆ తర్వాత వచ్చిన ఏర్పాట్లన్నీ చెవికి సంబంధించినవే. రేడియో గది గడియారంలో ప్రతి గంటలో రెండుచోట్ల మూడేసి నిమిషాల మేర ఎర్రరంగు వేసేవారు. ముల్లు అక్కడికి రాగానే 500 కిలోహెర్ట్జ్ మీద అందరూ మాట్లాడటం మాని, బలహీనమైన పిలుపేదైనా ఉందేమోనని వినాల్సి ఉండేది. ఆపరేటర్ నిద్రలో ఉన్నా గంట మోగించే ఆటో అలారం కూడా వచ్చింది. నిమిషంలో పన్నెండు గీతలు, ఒక్కోటి నాలుగు సెకన్లు, మధ్యలో సెకను విరామం: ఆ లయ చెవినపడితే అది మోగేది. పిడుగుల చప్పుడుకూ ఒక్కోసారి మోగేది, అది వేరే సంగతి.

వినేవాళ్లున్నా, పంపడానికి వ్యవధి ఉండాలిగా. 1980 సెప్టెంబరులో జపాన్ సమీపంలో తుపానులో చిక్కుకున్న బ్రిటిష్ సరుకు ఓడ డెర్బీషైర్, 294 మీటర్ల పొడవున్నది, 44 మందితో మునిగిపోయింది. సాయం కోరుతూ ఒక్క మాట కూడా బయటికి రాలేదు. మీట నొక్కే మనిషి అవసరం లేకుండా నీరే మీట నొక్కాలన్న ఆలోచన ఎంత న్యాయమైనదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అప్పటికే 121.5 మెగాహెర్ట్జ్ బీకన్లు వాడుకలో ఉన్నాయి. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ వాటి పిలుపును ఉపగ్రహాలతో వినడానికి 1979లో చేయి కలిపాయి. 1982లో సోవియట్ ఉపగ్రహం కాస్పాస్-1 పైకి వెళ్లింది. ఆ సెప్టెంబరులోనే కెనడాలో కూలిన చిన్న విమానంలోని ముగ్గురి ఆచూకీ పట్టిచ్చింది. దగ్గరికొచ్చే రైలు కూతకూ దాటిపోయే రైలు కూతకూ స్థాయిలో తేడా ఉన్నట్టే, ఉపగ్రహం కదిలేకొద్దీ బీకన్ పౌనఃపున్యం మారినట్టు తోస్తుంది. ఆ మార్పును బట్టి చోటు లెక్కకట్టారు. కానీ 121.5 బీకన్ ఊరూ పేరూ చెప్పకుండా ఒకటే మోత మోగేది. అమెరికాలో ఒక టీవీ సెట్టు కూడా ఇదే పౌనఃపున్యం వెదజల్లి గాలింపు బృందాన్ని తలుపు దాకా రప్పించింది. పైగా ఉపగ్రహానికి బీకన్‌తోపాటు నేల కేంద్రం కూడా అదే సమయంలో కనబడాలి కనుక, నడిసముద్రంలో అరిచినా దక్కేది శూన్యమే. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఆ పౌనఃపున్యాన్ని పట్టించుకోవడం మానేశాయి.

406 బీకన్ల పిలుపుల్లోనూ ఎక్కువభాగం అనవసరపు మోతలే కదా, పేరు చెబితే ఒరిగిందేమిటని అడగవచ్చు. నిజమే. పరీక్షించేటప్పుడు చేయి జారినవి, పాత సామానుతో చెత్తలోకి పోయినవి ఇప్పటికీ పిలుస్తుంటాయి. అయితే నమోదు వివరాలు చూసి యజమానికి ఫోన్ చేస్తే చాలాసార్లు సంగతి అక్కడే తేలిపోతుంది, హెలికాప్టర్ లేవక్కర్లేదు. ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఎల్ ఫారో. 2015 అక్టోబరు 1న బహామాస్ దగ్గర హరికేన్‌లో 33 మందితో మునిగిన ఆ ఓడ బీకన్ తన పేరు చెప్పగలిగింది, తానెక్కడుందో చెప్పలేకపోయింది. అందులో జీపీఎస్ లేదు. పిలుపు అందుకున్న భూస్థిర ఉపగ్రహానికి భూమితో పోలిస్తే కదలికే లేదు కనుక పైన చెప్పిన లెక్కా కుదరలేదు. కాబట్టి పేరొక్కటే చాలదని ఒప్పుకోవాలి. కానీ ఈ లోపం తీర్చడం తేలిక: బీకన్‌లో జీపీఎస్ పెట్టడం, మధ్యస్థ కక్ష్యల్లోని గెలీలియో, జీపీఎస్ ఉపగ్రహాలకూ ఈ పిలుపు వినే పని అప్పగించడం. రెండూ జరుగుతున్నాయి.

చిన్న పడవలకు ఈ ఖరీదు ఎక్కడిదన్న ప్రశ్న మన తీరంలో సహజంగానే వస్తుంది. వేటకు వెళ్లే బోట్ల కోసం ఇస్రో డాట్ అనే పరికరం రూపొందించింది. మీట నొక్కితే ఇన్శాట్ ద్వారా బెంగళూరు కేంద్రానికి, అక్కణ్నుంచి కోస్ట్‌గార్డుకు కబురు చేరుతుంది. 2024లో వచ్చిన రెండో తరం డాట్, మీ పిలుపు అందిందని తిరిగి బోటుకు తెలియజేస్తుంది కూడా. ఇన్ని హంగులున్నా బీకన్ మొత్తంగా ఒక కాగితం పని మీద ఆధారపడి ఉంది. ఓడ చేతులు మారి వేరే దేశపు జెండా ఎత్తితే బీకన్‌లోని దేశ సంకేతాన్ని మార్చాలి, నమోదులో యజమాని పేరు, ఫోన్ నంబరు మార్చాలి. ఆ పని వాయిదా పడితే, తుపాను రాత్రి గాలింపు కేంద్రం చేసే మొదటి ఫోను ఆ ఓడను ఎప్పుడో అమ్మేసుకున్న పాత యజమానికి వెళుతుంది.