తీజ్ బుట్టలో గోధుమలు ఎలా మొలుస్తాయి?

శ్రావణంలో ఆదిలాబాద్ లంబాడా తండాల్లో తీజ్ పండుగ సందడి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. పాటలు పాడుతూ తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. పచ్చటి నారు ఏపుగా పెరుగుతుంది.

గింజల్ని ఎందుకు నానబెట్టాలి?
ఎండిన గింజలో పిండం నిద్రలో ఉంటుంది. నీరు పీల్చుకోగానే గింజ ఉబ్బి, ఎంజైములు పని మొదలుపెడతాయి. లోపలి పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. పిల్లమొక్కకు అదే తొలి తిండి. ముందు వేరు, తర్వాత మొలక బయటికొస్తాయి.

చీకట్లో పెంచితే?
నారు పసుపురంగులో, సన్నగా, పొడుగ్గా సాగుతుంది. గోధుమ నారులో పత్రహరితం తయారవ్వాలంటే వెలుతురు కావాలి మరి!

మొలక కిటికీవైపు ఎందుకు వంగుతుంది?
చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డిజాతి మొలకల కొసలకు వెలుతురు చొరని టోపీలు తొడిగి చూశారు. అవి వంగలేదు! వెలుతురును పసిగట్టేది కొసేనని 1880లో పుస్తకంలో రాశారు. ఆక్సిన్ అనే హార్మోను నీడవైపు ఎక్కువగా చేరుతుందని, అక్కడి కణాలు ఎక్కువ సాగడంతో మొలక వంగుతుందని తర్వాత తెలిసింది.

మీ బడిలో వెలుతురు ప్రయోగం ఎలా చేయాలి?
అడుగున రంధ్రాలున్న మూడు డబ్బాలు తీసుకోండి. మట్టి, నీళ్లు, గింజల లెక్క అన్నింట్లో ఒకేలా ఉండాలి. ఒకటి ఆరుబయట, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి మూసిన అలమరలో పెట్టండి. రోజూ ఎత్తు కొలిచి, రంగు చూసి రాయండి. గోధుమలకు బదులు మక్కలతోనూ (మొక్కజొన్న) చేయొచ్చు. రంగు మందు పట్టించిన విత్తనాలు మాత్రం ముట్టుకోవద్దు.