మీకు తెలుసా? జిరాక్స్ షాపు మూస్తే కాపీ ఆగుతుందా!

పది, ఇంటర్ పరీక్షలొస్తే బెజవాడలో కేంద్రాల చుట్టుపక్కల జిరాక్స్ షాపులు షట్టర్లు దించాల్సిందే. అరచేతిలో ఇమిడే మైక్రో జిరాక్స్ స్లిప్పుల మీద అధికారులు చేస్తున్న పాత యుద్ధమిది. స్లిప్పు మాత్రం ఎప్పుడో ఫోన్లోకి మకాం మార్చేసింది.

2022 ఏప్రిల్ 27న పదో తరగతి పరీక్షలు మొదలైన రోజే నంద్యాల జిల్లా అంకిరెడ్డిపల్లెలో తెలుగు పేపరు వాట్సాప్‌కెక్కింది. కొద్ది రోజులకే కృష్ణా జిల్లా పసుమర్రులో లెక్కల పరీక్షకు జవాబులు ఫోన్లలో దొరికాయి. ఆ ఫోన్లు పిల్లలవనుకునేరు, టీచర్లవి!

ఇలాంటివాటికి మన రాష్ట్రంలో 1997 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2024లో ప్రశ్నపత్రాల మీద క్యూఆర్ కోడ్ కూడా వేశారు, ఫొటో బయటికొస్తే ఆ కాగితం ఎక్కడిదో పట్టుకోవడానికి.

జవాబులు అమ్మడం మనకు కొత్తేమీ కాదు. విక్రమ్, వీజీఎస్ గైడ్ల పుట్టిల్లు బెజవాడే. గైడు చూసి చదువుకున్నవాణ్ణి ఎవరూ దొంగ అనలేదు, అనకూడదు కూడా. కాకపోతే గైడు హాలు బయటే ఆగిపోయేది. కోర్స్ హీరోలాంటి సైట్లకు ఆ గుమ్మం లేదు. మన దగ్గరున్న నోట్సు, పాత పేపర్లు అప్‌లోడ్ చేస్తే ఇంకొకరివి తెరుచుకుంటాయి. మేష్టారు క్లాసులో ఇచ్చిన కాగితం ఆయనకు తెలియకుండానే ఊళ్లు తిరిగేది అలాగే.

ఇక ప్రశ్న పెడితే జవాబు రాసిచ్చే సైటు చెగ్. కంపెనీ అమెరికాది, చెయ్యి మనది. దానికి జవాబులు రాసే నిపుణులు భారత్‌లో 70 వేల మందికి పైగా ఉన్నారని 2021లో ఫోర్బ్స్ పత్రిక రాసింది. అంటే ఎం.ఎస్.కని వెళ్లిన గుడివాడ కుర్రాడు డల్లాస్‌లో కూర్చుని అడిగిన లెక్కను గుంటూరులో ఎవరో ఎమ్మెస్సీ అమ్మాయి చేసిపెడుతున్నా ఆశ్చర్యం లేదు. కరోనా వచ్చి పరీక్షలు ఇళ్లకు చేరాక, 2020 ఏప్రిల్-ఆగస్టు మధ్య అయిదు సైన్స్, ఇంజనీరింగ్ సబ్జెక్టుల్లో చెగ్‌కు వచ్చిన ప్రశ్నలు అంతకు ముందటేడు కంటే 196 శాతం పెరిగాయని ఒక అధ్యయనం లెక్కతేల్చింది.

పేరు బయటపడదన్న ధీమాతో అడిగినవాళ్లూ ఉంటారు. అయితే యూనివర్సిటీ విచారణ మొదలుపెట్టి రాతపూర్వకంగా కోరితే, ప్రశ్న ఎప్పుడు పెట్టారో, జవాబు ఎప్పుడు చూశారో, ఏ ఈమెయిల్ నుంచో, ఏ ఐపీ అడ్రస్ నుంచో చెగ్ ఇచ్చేసేది. పరీక్ష 10 గంటలకు మొదలై ప్రశ్న 10.07కు సైట్లో కనబడితే ఇక చెప్పుకోవడానికేం ఉంటుంది? అమెరికాలో సస్పెండయితే పోయేది మార్కులే కాదు, స్టూడెంట్ వీసా కూడా.