నౌకా జాబితాలో ఒక పూర్వీకుడు

1860 నవంబరు 16న మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరిన ట్రూరో నౌకతో మొదలై 1911 వరకు సాగిన వలసలో, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా తరలివెళ్లగా, వారిలో విశాఖపట్నం వంటి తెలుగు జిల్లాలవారూ ఉన్నారు. ఒప్పంద కూలీ అంటే సాధారణంగా అయిదేళ్లపాటు తనకు కేటాయించిన యజమాని వద్దనే పనిచేయడానికి అంగీకరించి, గడువు తీరకముందే పని విడిచిపెడితే చట్టప్రకారం శిక్షకు గురయ్యే శ్రామికుడు.

ఇటువంటి పూర్వీకుని జాడ తీయడానికి మొదటి ఆధారం నౌకా జాబితా. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులతోపాటు ప్రతి మనిషికీ ఒక వలస సంఖ్య ఉంటుంది. గుమాస్తాలు తెలుగు పేర్లను తమ చెవికి తోచినట్లు ఇంగ్లీషు లిపిలో రాసినందువల్ల ఒకే పేరు పలు రూపాల్లో కనిపిస్తుంది కనుక, తరువాతి దస్తావేజులలోనూ వాడిన ఆ సంఖ్యే నమ్మదగిన ఆధారమవుతుంది.

అయితే జాబితా ఆ మనిషి జీవితంలో ఒక్క ఘట్టాన్నే నమోదు చేస్తుంది. మిగిలినదానికి ఆ కాలపు చరిత్రను ఆశ్రయించాలి. 1866లో ఆగిన వలస తిరిగి 1874లోనే మొదలైంది గనుక, తాత 1870లో ఓడ దిగాడనే కుటుంబ కథను మరోసారి పరిశీలించవలసి ఉంటుంది. అలాగే, గడువు తీరిన తరువాత స్వదేశానికి వెళ్లకుండా, కొత్త ఒప్పందమూ చేసుకోకుండా ఉండిపోయినవారిపై ఏటా మూడు పౌన్ల పన్ను విధించిన 1895 నాటి చట్టం, అది వచ్చిన తరువాత చేరినవారికే వర్తించినందువల్ల, పూర్వీకుడు ఓడ దిగిన సంవత్సరాన్నిబట్టి అతనిపై ఆ భారం పడగలదో లేదో తేల్చవచ్చు. ఒప్పందపు తొలి ఏడాది నెలజీతం పది షిల్లింగులే కావడాన్నిబట్టి ఆ పన్ను ఎంత బరువో అర్థమవుతుంది. గాంధీ నాయకత్వంలో 1913లో జరిగిన సమ్మె తరువాత, 1914లో అది రద్దయింది.

చరిత్ర తోడు నిలిచినా దాని హద్దు మరువరాదు. 1876–78 మధ్య మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామం కర్నూలు, కడప ప్రాంతాలను తీవ్రంగా దెబ్బతీసింది గనుక, 1877లో కర్నూలు నుంచి బయలుదేరిన మనిషిని ఆకలే తరిమి ఉండవచ్చునని అనుకోవడం సబబే. కాని అప్పు, ఇంటి తగాదా, దళారుల మాట కూడా కారణమై ఉండవచ్చు, వలసకు కారణం రాసే గడి ఆ జాబితాలో లేదు. అందువల్ల వంశచరిత్ర రాసేవారు పత్రం చెప్పినదాన్ని నిశ్చయంగానూ, కాలాన్నిబట్టి ఊహించినదాన్ని ఊహగానూ వేరుచేసి రాస్తేనే, ఆ తరువాత దొరికే దస్తావేజుతో దాన్ని సరిదిద్దడం వారసులకు సాధ్యమవుతుంది.