పత్తి కట్టెను తగలబెట్టాల్సిందేనా? తెల్ల బూజు చేసే పని ఇదీ

జగ్గయ్యపేట, నందిగామ, కీసర వైపు పత్తి తీతలు అయిపోయాక చేలో కట్టె మిగులుతుంది. అలాగే వదిలేస్తే, అందులో మిగిలిపోయిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంటకు చేటు చేస్తుంది. అందుకే చాలామంది కట్టె పీకి, కుప్పేసి నిప్పు పెడతారు. ఊరంతా పొగ, చేలో బూడిద!

మరి కట్టె గడ్డిలా త్వరగా ఎందుకు కుళ్లదు? అందులోని లిగ్నిన్ వల్ల. పీచును సిమెంటులా పట్టి ఉంచేది ఇదే. గడ్డి తిని బతికే గేదె కూడా లిగ్నిన్‌ను అరిగించుకోలేదు. ఆ పని బాగా చేయగలిగేవి 'తెల్ల కుళ్లు' శిలీంధ్రాలు. తడిసిన మొద్దు మీద తెల్లటి దారాల్లా పాకేవి చాలావరకు ఇలాంటివే.

మనం తిన్నది కడుపులో అరుగుతుంది. శిలీంధ్రం మాత్రం ఎంజైములను బయటకు వదిలి, చెక్క మీదే అరిగించి, తర్వాత పీల్చుకుంటుంది. వీటిలో పెరాక్సిడేజ్ ఎంజైములకు ఇనుము ఆధారం. అవి పనిచేయాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. గాయం మీద పోస్తే నురగలు వస్తుందే, అదే! దాన్ని కూడా శిలీంధ్రమే తయారు చేసుకుంటుంది. లాకేజ్ అనే మరో ఎంజైములో రాగి ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో పనిచేస్తుంది. ఇవి లిగ్నిన్ నుంచి ఎలక్ట్రాన్లను లాగేస్తాయి. దాంతో దాని బంధాలు తెగిపోతాయి. లిగ్నిన్ పోయాక మిగిలే సెల్యులోజ్ తెల్లగా కనిపిస్తుంది. 'తెల్ల కుళ్లు' అనే పేరు అందుకే వచ్చింది.

లిగ్నిన్ పెరాక్సిడేజ్‌ను 1983లో అమెరికాలో రెండు బృందాలు వేర్వేరుగా కనుగొన్నాయి. మార్కెట్లో దొరికే ముత్యపు చిప్ప పుట్టగొడుగులు కూడా ఈ తెల్ల కుళ్లు జాతివే. వరిగడ్డి మీదే కాదు, పత్తి కట్టె ముక్కల మీద కూడా వాటిని పెంచవచ్చు.

రైతు చేయాల్సిందేంటి?

మిగిలిన కాయలు ఏరి నాశనం చేసి, కట్టెను చిన్న ముక్కలుగా కొట్టించాలి. పేడ కలిపి కుప్ప వేసి, తడి ఆరకుండా చూడాలి. తడి లేకపోతే శిలీంధ్రం పనిచేయదు. కుళ్లని ముక్కలను విత్తే ముందు నేలలో కలపకూడదు. అవి కుళ్లేటప్పుడు పైరుకు అందాల్సిన నత్రజనిని సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి.

ఒక్క జాగ్రత్త: మొద్దుల మీద దానంతట అదే మొలిచిన పుట్టగొడుగును తెలియకుండా వండుకోవద్దు. కొన్ని విషపూరితం.

నిప్పు గంటలో పని ముగిస్తుంది. బూజుకు నెలలు పడుతుంది. కానీ బూజు చేసిన పనికి చివర్లో ఎరువు మిగులుతుంది.