పేరు ఒకటే, చేపలు వేరు

సముద్రం అడుగున ఇసుకలో ఒక పక్కకు ఒరిగి పడుకుని, రెండు కళ్లతోనూ పైకి చూసే చేపలే ఫ్లాట్‌ఫిష్. వీటిలో ఏడు వందలకు పైగా జాతులున్నాయి. ఇంగ్లిష్, స్వీడిష్ జాలరులూ వ్యాపారులూ వీటికి తరతరాలుగా పేర్లు పెడుతూ వచ్చారు. రంగు, ఆకారం, రుచి, అమ్మిన రేవు చూసి పెట్టిన పేర్లవి. వాటిని బట్టి చేపల చుట్టరికం తేల్చబోతే పొరపాటు పడతాం.

అపోహ: ఇవి పుట్టుకతోనే బల్లపరుపుగా ఉంటాయి.

వాస్తవం: గుడ్డులోంచి వచ్చిన పిల్ల మామూలు చేపలాగే నిటారుగా ఈదుతుంది. కళ్లు తలకు చెరోవైపు ఉంటాయి. ఎదిగేకొద్దీ ఒక కన్ను నెత్తి మీదుగా రెండోవైపుకు జరుగుతుంది. ఒంటిమీద నారింజ-ఎరుపు చుక్కలుండే ప్లేస్‌కు (స్వీడిష్‌లో రోడ్‌స్పెట్టా) సాధారణంగా కళ్లు కుడివైపు చేరతాయి. టర్బట్‌కు (పిగ్‌వార్) ఎడమవైపు చేరతాయి. మన బంగాళాఖాతంలోనూ దొరికే సెట్టోడెస్ ఎరుమెయి అనే జాతిలో ఆ కన్ను నెత్తి అంచు దగ్గరే ఆగిపోతుంది.

అపోహ: లెమన్ సోల్ అంటే నిమ్మ వాసన వచ్చే సోల్ చేప.

వాస్తవం: అది సోల్ కాదు, దానికి నిమ్మతో సంబంధమూ లేదు. ‘లెమన్’ అన్న మాట ఫ్రెంచి చేపపేరు ‘లిమాండ్’ నుంచి వచ్చిందంటారు. ప్లేస్ కుటుంబానికి చెందిన ఈ చేప శాస్త్రీయ నామం మైక్రోస్టోమస్ కిట్. స్వీడన్‌లోనూ ఇదే చిక్కు. అక్కడ అసలు సోల్‌ను ‘తుంగా’, అంటే నాలుక అంటారు. లెమన్ సోల్‌కు బెర్యతుంగా అన్న పేరు అంటుకుంది, విచ్ అనే మరో చేప రోడ్‌తుంగా అయింది. ఈ రెండూ నిజమైన ‘నాలుకలు’ కావు.

అపోహ: డోవర్ సోల్ ఎక్కడ కొన్నా ఒకటే.

వాస్తవం: ఐరోపాలో ఆ పేరు సోలియా సోలియాది. డోవర్ రేవు నుంచి లండన్ బజారుకు చేరేది కాబట్టి అలా పిలిచారు. అమెరికా పసిఫిక్ తీరంలో అదే పేరుతో అమ్మేది మైక్రోస్టోమస్ పసిఫికస్. కుటుంబమే వేరు.

అపోహ: స్వీడిష్‌లో ‘ఫ్లుండ్రా’ కనిపిస్తే ఇంగ్లిష్ ఫ్లౌండరే.

వాస్తవం: ఒంటరిగా ఉంటే చాలావరకు అంతే. హెల్లెఫ్లుండ్రా మాత్రం హాలిబట్. ఫ్లౌండర్ అర మీటరు దాటడం అరుదు, అట్లాంటిక్ హాలిబట్ మూడు వందల కిలోలు కూడా దాటగలదు. హాలిబట్ అన్న మాటకు మూలార్థం ‘పవిత్రమైన బల్లపరుపు చేప’. పండుగ ఉపవాసాల్లో మాంసం మానేసిన క్రైస్తవులు దీన్ని తినేవారు.

అపోహ: బాల్టిక్ సముద్రపు ఫ్లుండ్రా అంతా ఒకే జాతి.

వాస్తవం: 2018 దాకా శాస్త్రవేత్తలూ అలాగే లెక్కవేశారు. అక్కడి ఫ్లౌండర్లలో కొన్ని లోతు నీటిలో తేలే గుడ్లు పెడతాయి. ఇంకొన్ని తీరం దగ్గర, ఉప్పు తక్కువున్న నీటిలో అడుగుకు చేరే గుడ్లు పెడతాయి. జన్యువులు పరిశీలించాక రెండో రకాన్ని ప్లాటిక్తిస్ సోలెమ్‌డాలి అనే కొత్త జాతిగా గుర్తించారు. పైకి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకే వలలో పడతాయి. తీరంలో మాత్రం ఇప్పటికీ రెండింటినీ ఫ్లుండ్రా అనే పిలుస్తారు.