వినబడని ధ్వని

మేడ్చలునకు సమీపమున, నాగపూరు రహదారి ప్రక్కన అత్వెల్లి గ్రామము కలదు. అచ్చట చెట్టుపై కోయిల కూయుచుండగా దారివెంట ఒక లారీ పెద్ద మ్రోతతో వచ్చినదనుకొందము. అది దాటిపోవువరకు కోయిల కూత మనకు వినబడదు. కోయిల కూయుట మానలేదు. దాని కూత మన చెవిని చేరుచునే యున్నది. కాని పెద్ద ధ్వని చిన్నదానిని కప్పివేసినది. ఈనాడు ఆ గ్రామవాసి యొకడు తన ఫోనునుండి ఒక పాటను దూరదేశమందున్న బంధువునకు క్షణములో పంపగలుగుటకు చెవికి గల ఈ గుణమే చాలవరకు ఆధారము.

యంత్రము ధ్వనిని అంకెలుగా మార్చి దాచును. కాంపాక్టు డిస్కునందు ధ్వని సెకనుకు 44,100 మారులు కొలవబడును. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు కావలెను. కుడి యెడమల కొరకు ఇట్టి వరుసలు రెండు. గుణించి చూచినచో సెకనుకు 14,11,200 బిట్లగును. మూడు నిమిషముల పాటకు 25 కోట్లకు పైబడును! ఎం.పి.3 అను పద్ధతిలో సాధారణముగా సెకనుకు 1,28,000 బిట్లతోనే పని జరుగును. అనగా పదునొకండవ వంతు మాత్రమే.

ఇది యెట్లు సాధ్యము? పాటను మిక్కిలి చిన్న తునకలుగా చేసి, ప్రతి తునకలో నే శ్రుతులు ఎంత బలముతో నున్నవో యంత్రము లెక్కించును. బలమైన శ్రుతి చాటున మరుగుపడిన వానికి కొద్ది బిట్లనే యిచ్చును, లేదా పూర్తిగా విడిచివేయును.

ఇట్లు విడదీయుటకు తగిన గణితమును వెదకినవారిలో బెంగుళూరున జన్మించిన నాసిర్ అహ్మద్ ఒకడు. 1972లో ఆయన అమెరికాలోని నేషనల్ సైన్సు ఫౌండేషనును ధనసహాయము కోరగా, ఈ ఆలోచన మరీ సులభమైనదని పరీక్షకులు త్రోసిపుచ్చిరి. ఆయన పని మానలేదు. శిష్యుడు నటరాజన్‌తోను, మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిన కామిశెట్టి రామమోహనరావుతోను కలిసి 1974లో ఆ పద్ధతిని ప్రకటించెను. దానినుండి పుట్టిన వేరొక రూపము 1987లో వెలువడినది. ఎం.పి.3 వాడుకొనునది ఆ రూపమునే.

జర్మనీలో ఎం.పి.3ను తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్. సుజాన్ వేగా అను గాయని వాద్యములు లేక పాడిన పాట ఆయనను మిగుల కష్టపెట్టినది. కుదించిన పిదప ఆ గొంతు వికృతముగా వినిపించెను. వాద్యఘోష లేనిచోట తప్పులు దాగుటకు చాటెక్కడిది? లారీ లేని దారిలో కోయిల ప్రతి కూతయు స్పష్టముగా వినబడును గదా! ఆ పాటను పదే పదే విని ఆయన తన పద్ధతిని సవరించుకొనెను.

ఒకమారు విడిచిన ధ్వని మరల రాదు. కుదించిన ప్రతినే మరల మరల కుదించినచో ప్రతిసారియు కొంత నష్టము కలుగును. అందుచేత పాత గాయకుల పాటలను భద్రపరచువారు కుదింపని మూలప్రతిని దాచి, శ్రోతలకు చిన్న ప్రతిని పంపుదురు.