మీకు తెలుసా? వీరుడి నీడకు సున్నపురాయి

బెంగళూరు ప్రాంతం గట్టి నైస్, గ్రానైట్ రాళ్ల నేల. అక్కడ వీరుల స్మారకంగా నిలిపిన వీరగల్లులదీ ఆ గట్టి రాయే. యుద్ధవీరులకు సున్నపురాతిలో చెక్కిన గుర్తులు చూడాలంటే కృష్ణా తీరానికి రావాలి.

క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నాగార్జునకొండలో, రాజులతో పాటు సేనానులకూ సైనికులకూ స్మారక స్తంభాలు నిలిపారు. ప్రాకృత శాసనాల్లో వాటి పేరు ‘ఛాయాఖంభ’, నీడ స్తంభం. ఎంత ఆర్ద్రమైన పేరు! శాంతమూల మహారాజు స్తంభాన్ని ఆయన కొడుకు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో తల్లులు, అక్కచెల్లెళ్లు, రాణులు కలిసి నిలిపారు.

ఈ స్తంభాలది పల్నాటి సున్నపురాయి, అమరావతి శిల్పాలదీ ఇదే జాతి. లేత ఆకుపచ్చ ఛాయ, సన్నని పొర. గ్రానైట్ కంటే మెత్తన కాబట్టి ఉలి మొన నగల పూసలను కూడా విడివిడిగా తీర్చగలదు. కానీ దీనికో బలహీనత ఉంది: ఆమ్లం తగిలితే కరుగుతుంది.

1917లో ఏర్పడిన బ్రిటిష్ సామ్రాజ్య యుద్ధ సమాధుల కమిషన్ కూడా ఐరోపాలో వేలాది సైనికుల సమాధులకు పోర్ట్‌లాండ్ సున్నపురాయినే ఎంచుకుంది.

నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు, 1954–60 తవ్వకాల్లో బయటపడిన శిల్పాలెన్నో ఇప్పుడు జలాశయం మధ్య ద్వీపంలోని మ్యూజియంలో ఉన్నాయి.